మూడో చీటీ

నంద్యాల బస్టాండులో ఆళ్లగడ్డ బస్సెక్కి కిటికీ పక్కన కూర్చోగానే కెరెంహప్పుకు అనే ఆ నర్సమ్మ చేతిసంచీ తెరిచి చూసుకుంది. చీట్లు లేవు. ఉండవని తెలిసీ చూసుకుంది, అదొక పిచ్చి. నిన్న సాయంత్రమే సంఘపెద్ద దానమయ్య ఏదో పనిమీద నంద్యాల వచ్చి, ఆసుపత్రి మెట్ల దగ్గర నిలబడి కవరు అడిగి తీసుకుని, చొక్కా జేబులో పెట్టుకుని పోయాడు. ఈపాటికి ఆ మూడు చీట్లూ ఆళ్లగడ్డ చర్చిలో, వేదిక మీది పెద్ద బైబిలు గ్రంథం మధ్యలో ఒక రాత్రి గడిపేశాయి. అక్కడి సంఘంలో పద్ధతి అది. బిడ్డకు పేరు పెట్టాలంటే మూడు పేర్లు మూడు చీట్ల మీద రాసి ముందురోజే ఇవ్వాలి, అవి రాత్రంతా వాక్యం మధ్యలో ఉండాలి, ఆదివారం ఆరాధన అయ్యాక బిడ్డ మేనత్త వచ్చి ప్రార్థన చేసి ఒకటి తీసి చదవాలి. వచ్చిన పేరు దేవుడిచ్చిన పేరు. మిగతా రెండూ విప్పరు, అలాగే చింపేస్తారు, దేవుడు వద్దన్నదాన్ని మనిషి చూడకూడదని. తమ్ముడు జీవన్ కుమార్ వారం కిందట ఫోన్ చేసి, "మేనత్తవు నువ్వే గదక్కా, నీ చేతిరాత గూడా బాగుంటాది, నువ్వే రాసి పంపీ. ఒకటి మేం అనుకున్న పేరు, జీవాన్య. ఒకటి మా అత్త చెప్పిన పేరు, హెప్సిబా. ఇంగొకటి నీ ఇష్టం" అన్నాడు. ఆమె రాసింది. మూడింటి మీదా తన ఇష్టమే రాసింది. సిరి, సిరి, సిరి అని, నీలం సిరాతో, గుండ్రంగా. యాభైకి దగ్గరపడ్డ మనిషి, ప్రతి ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చునే మనిషి, పోయి పోయి దేవుడితోనే దొంగాట ఆడింది.

బస్సు ఊరు దాటకముందే కండక్టరు వచ్చాడు. ఆడవాళ్లకు ఇప్పుడు టికెట్టుకు డబ్బుల్లేవు, ఆధార్ చూపిస్తే చాలు. ఆ చాలు అన్నదే ఆమెకు చాలా కష్టం. కార్డు ఇస్తూనే మొహం సర్దుకుంది. అతను కళ్లద్దాలు పైకి నెట్టి, కార్డు దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి, "కరీం... హాపు... ఏందమ్మా ఇదీ, పేరేనా?" అన్నాడు. "పేరేనప్పా" అంది. వెనక సీట్లో ఎవరో కిసుక్కుమన్నారు. పాపం అతని తప్పేముంది, ఆ కార్డు మీద ఉన్నది ఆమెకే చదవరాదు. పదో తరగతి సర్టిఫికెట్టులో ఒక రకం, నర్సింగు సర్టిఫికెట్టులో ఇంకో రకం, ఆధార్‌లో మూడో రకం. మూడు కాగితాల్లో ముగ్గురు మనుషులు, ఆ ముగ్గురూ తానేనని నోటరీ దగ్గర ప్రమాణం చేసిన కాగితం ఇంకొకటి. ఎక్కడికి పోయినా ఆ నాలుగూ వెంట ఉండాల్సిందే. నాయన సామ్యేలు మాత్రం ఈ బాధలేవీ లేకుండా పోయాడు. వారమంతా పొలంపని, ఆదివారం వాక్యం, అంతే ఆయన లోకం. పాత నిబంధనలో ఎక్కడో ఒక్కచోట ముగ్గురు అక్కచెల్లెళ్ల పేర్లు వస్తాయి. మొదటి బిడ్డకు మొదటి పేరు పెట్టాడు, ఏడాది తిరక్కుండా పోయింది. రెండో బిడ్డకు రెండో పేరు పెట్టాడు, అదీ పోయింది. ఇంకొకరైతే ఆ వరసే వదిలేద్దురు. ఆయన వదల్లేదు, మూడో బిడ్డకు మూడో పేరు పెట్టాడు, ఆ బిడ్డ బతికింది. పేరే బతికించిందని ఆయన నమ్మకం. బడిలో పిల్లలు ఏడిపిస్తున్నారని, మార్చమని కాళ్లు పట్టుకుని ఏడ్చినా, "ఆ పేరు దీసేస్తే నిన్ను నేను యాడ పెట్టుకోవాల మ్మా" అన్నాడు. అప్పుడామెకు ఎనిమిదేళ్లు.

కిటికీలోంచి వరిమళ్ల వాసన వస్తోంది. అయ్యలూరు మెట్ట దాటింది కాబోలు. అమ్మ సారమ్మ ఆ పేరంతా పలకలేక కెరెమ్మా అనేది, అన్నం తింటువు రా కెరెమ్మా, తల దువ్వుకో కెరెమ్మా. అమ్మ పోయి ఆరేళ్లు. ఆ ఆరేళ్లలో తనను పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. ఆసుపత్రిలో సిస్టరమ్మా, వీధిలో నర్సమ్మా, తమ్ముడికి అక్కా, మరదలు రమ్యకు వదినా. అందరూ మర్యాదగానే పిలుస్తారు, ఎవర్నీ తప్పు పట్టడానికి లేదు. అయినా ఒక్కోసారి కండక్టరో బ్యాంకు గుమాస్తానో ఇట్లా ముక్కలు ముక్కలు చేసి పలికినప్పుడు సిగ్గుతో పాటు ఎక్కడో చిన్న సంతోషం కూడా కలుగుతుంది, ఆ ముక్కలైనా తనవే కదా అని. అది తలుచుకుంటే ఆమెకే జాలేసింది. ఇంత కరువేంది నాకు అనుకుంది.

పేర్ల మధ్యనే బతికిన మనిషికి పేరు కరువు. ఇరవై ఆరేళ్లుగా కాన్పుల వార్డు రిజిస్టరు ఆమె చేతిలోనే ఉంది. చేరిన కొత్తలో ఆ పుస్తకం నిండా మార్తమ్మలు, సుబ్బయ్యలు. కొన్నాళ్లకు రమ్యలు, ప్రియదర్శినులు వచ్చారు, వాళ్లే ఇప్పుడు తల్లులై వచ్చి పడుకుంటున్నారు. ఇప్పుడు పుట్టేవాళ్ల పేర్లు రాయాలంటే తండ్రి ఫోన్ తీసి చూపించాల్సిందే. ఇంగ్లీషులో రెండు 'ఏ'లు పెట్టండి సిస్టర్, ఆ హెచ్ మర్చిపోకండి సిస్టర్, అది లేకపోతే కలిసిరాదంట. ఆమె రాస్తుంది. ఒక్కో అక్షరం రాస్తూ, ఈ బిడ్డ ఎన్ని కౌంటర్ల ముందు నిలబడి ఈ హెచ్ గురించి చెప్పుకోవాలో పాపం అనుకుంటుంది, పైకి మాత్రం అనదు. ఏమీ తోచనివాళ్లు, "నువ్వే ఒక పేరు చెప్పు సిస్టరమ్మా" అని అడుగుతారు. వాళ్లకు ఆమె ఎన్ని పేర్లు ఇచ్చిందో లెక్కలేదు. ఒక్క పేరు మాత్రం ఇవ్వలేదు. బీరువాలో పట్టుచీర దాచుకున్నట్టు దాన్ని దాచుకుంది.

ఆ పేరు పుట్టింది ఇందాక బస్సెక్కిన నంద్యాల బస్టాండులోనే, చెరుకురసం బండి దగ్గర. ఆమెకు ఇరవై ఒకటి. పాములపాడు బడి అయ్యవారు యేసుదాసుతో నిశ్చితార్థం అయింది. పెళ్లికి ముందు మాట్లాడుకోవడం ఆ ఒక్కసారే, అదీ అమ్మ పక్కన ఉండగా. ఆయన గ్లాసు చేతికిచ్చి, "నీ పేరు పూర్తిగా పిల్చేలోపల బస్సెళ్లిపోతాది. మనకు ఆడబిడ్డ పుడితే మాత్రం రెండక్షరాల పేరు పెడదాం, ఏమంటావ్?" అన్నాడు. ఆమె ఆలోచించనే లేదు, సిరి అంది. ఎక్కడినుంచి వచ్చిందో ఆ పేరు, అంతకుముందు ఎన్నడూ అనుకున్నది కాదు. ఎవరు రాసినా తప్పు పోని పేరు. "బాగుండాది" అన్నాడాయన. అంతే. రెండు నెలలకు నాయన జ్వరమొచ్చి పోయాడు. తమ్ముడికి ఎనిమిదేళ్లు, అమ్మకు చూపు సరిగా ఆనదు. వాళ్లనిద్దర్నీ వెంట తెచ్చుకుంటానంటే పాములపాడు వాళ్లు ఒప్పుకోలేదు, వదిలి రావడానికి ఆమె ఒప్పుకోలేదు. యేసుదాసు తర్వాత పాణ్యం పిల్లను చేసుకున్నాడు. ఇద్దరూ మగపిల్లలే అని విన్నరోజు ఆమెకు పెద్ద నిశ్చింత కలిగింది, పేరు మిగిలిందని. ఆ నిశ్చింతకు సిగ్గుపడి ఒకపూట ఉపవాసం కూడా ఉంది.

అప్పట్నుంచి ఆ పేరు ఆమెతోనే ఉంటోంది. అద్దె గదిలో కుక్కర్ దించుతూ, సిరీ, పచ్చడి వేసుకుంటావా అంటుంది. గొళ్లెం పెడుతూ, పద సిరీ, ఆలస్యమైంది అంటుంది. పిచ్చేమీ కాదు, అక్కడ ఎవరూ లేరని ఆమెకు బాగా తెలుసు, తెలిసే అంటుంది. ఏళ్లను బట్టి ఆ పిల్లను పెంచింది కూడా. బడికి పంపింది, పదో తరగతి పరీక్షల నెలలో గదిలో టీవీ పెట్టలేదు. ఈమధ్య ఖరీదైన ఫోన్లలో ఆ పేరే పెట్టారని, పిలిస్తే పలుకుతుందని వార్డులో పిల్ల నర్సు చెప్పి నవ్వింది. ఆమె ఇన్నేళ్లుగా పిలుస్తోంది, ఒక్కనాడూ పలకలేదు. మూడేళ్ల కిందట బట్టల కొట్టువాళ్ల కోడలు భార్గవికి ఆడపిల్ల పుట్టింది. మర్నాడు భార్గవి అత్త వాసవాంబ రిజిస్టరు ముందు కూర్చుని, "రాసుకో తల్లీ, సిరి" అంది. కెరెంహప్పుకు చేతిలో పెన్ను ఆగిపోయింది. "ఇంగోటి చూసుకోండమ్మా, ఈ పేరు ఈమధ్య చానామంది పెడతాండారు" అంది. పచ్చి అబద్ధం. "పెట్టుకోనీలేమ్మా, సిరి ఎంతమంది ఇండ్లల్లో ఉంటే మాత్రం మనకేంది" అని వాసవాంబ నవ్వింది. నవ్వే ఆ పెద్దామె మీద ఎంత కోపమొచ్చిందో! రాసింది. ఆ సాయంత్రం గదికి వచ్చి పొయ్యి వెలిగించలేదు, సొంత బిడ్డను ఎవరో ఎత్తుకుపోయినట్టు గోడకు ఆనుకుని కూర్చుంది. పేరు మీద ఎవరికి హక్కుంటుంది, అంత మాత్రం తెలియదా? తెలుసు. తెలిసినా ఆ రోజే నిశ్చయించుకుంది, తన రక్తంలో ఒక్కరికైనా ఆ పేరు ఉండాలని. తన చెవితో వినాలని. ఏ వాకిట్లోనో నిలబడి సిరీ అంటే, ఒక పిల్ల పరుగెత్తుకుంటూ రావాలని.

అందుకే మొన్న శుక్రవారం మధ్యాహ్నం డ్యూటీ గదిలో మూడు చీట్లు కత్తిరించింది. మొదటిది సిరి. రెండోదాని మీద జీవాన్య రాయబోయి, జీ దగ్గర ఆగింది. మూడింటిలో ఒకటి అంటే, రాకపోవడానికి ఎంత అవకాశం ఉంది! నాకు ఎప్పుడైనా ఏదైనా చీటీ తగిలిందా? ఆ కాగితం నలిపి బుట్టలో పడేసి ఇంకోటి కత్తిరించింది. దేవుడు అనుకుంటే ఆ పేరే ఇస్తాడు, నేను ఆయనకు పని తగ్గించా అంతే అని సర్దిచెప్పుకుంది. అట్లా సర్దిచెప్పుకోవడం కూడా సులువుగానే జరిగింది. ఇప్పుడు బస్సు కుదుపులకు ఆ మాటలన్నీ ఒక్కొక్కటే ఊడిపోతున్నాయి.

శిరివెళ్ల మెట్ట దగ్గర బస్సు ఆగింది. జామకాయల గంపలతో ఇద్దరాడవాళ్లు ఎక్కారు. ఫోన్ మోగింది. తమ్ముడు.

"యాడుండావక్కా?"

"శిరివెళ్ల మెట్ట కాడ. ఏమైందిరా, గొంతు అట్లుండాది?"

"ఏం లేదులే. నీకొక మాట చెప్పలేదు. పాపకు పేరు ముందే పెట్టేసినామక్కా. పోయిన నెల్లోనే సర్టిఫికెట్టు తీసుకున్యాం, జీవాన్య అనే. నా పేరు సగం, రమ్య పేరు సగం. ఇంగ్లీషులో జెడ్‌తో మొదలైతాది. చర్చి ముందర ఫ్లెక్సీ గూడా కట్టినాం. చీట్లు పెద్దోళ్ల పద్ధతి గదా, ఊరికే తీద్దాంలే అనుకున్యాం."

"ఊ" అంది.

"ఇప్పుడు రమ్య పొద్దున్నుంచి ఏడుస్తాండాది. ముందు రెండు కడుపులు పోయినాయి గదా. దేవుడు ఇంగో పేరు చెప్తే, ఆయన మాట కాదని మేం పెట్టినట్లయితాది, బిడ్డకేమన్నా అయితాదేమోనని భయం దానికి. అన్నం గూడా తినల్యా. నువ్వు పార్థన చెయ్యక్కా. నువ్వు చేస్తే ఇంటాడు. మూడుట్లో ఒకటి గదా, మాదే రావాలని చెయ్యి."

జామకాయల గంప ఆమె కాళ్ల దగ్గరికి జరిగింది. కాళ్లు వెనక్కి తీసుకుంది.

"చేస్తాలేరా" అంది.

ఫోన్ పెట్టేశాక కూడా దాన్ని చెవి దగ్గరే ఉంచుకుంది. మూడింటిలో ఒకటి కాదురా నాయనా, మూడింటిలో మీది ఒక్కటీ లేదు. చేయి పెట్టి ఏది తీసినా అదే వస్తుంది, అది విని ఆ పిల్ల కుప్పకూలిపోతుంది. రమ్య ఎట్లాంటిదో ఆమెకు తెలుసు. రెండోసారి కడుపు పోయినప్పుడు నంద్యాలకు తీసుకొచ్చి తన వార్డులోనే పడుకోబెట్టుకుంది. మూడురోజులు గోడవైపు తిరిగి పడుకున్న ఆ పిల్ల చెయ్యి పట్టుకుని కూర్చుంది తనే కదా. నాలుగు నెలల కిందట బిడ్డ ఏడుపు వినగానే, "ఉంటాదా వదినా?" అని అడిగింది, మగబిడ్డా ఆడబిడ్డా అని కాదు. ఆ పిల్ల నెత్తిన ఇప్పుడు ఈ బండ పడెయ్యాలి. పోనీ దానమయ్యకు ఫోన్ చేసి, ఆ చీట్లు తప్పయ్యా, తీసెయ్యి అంటే? ఎందుకని అడుగుతాడు. విప్పి చూస్తాడు. సంఘమంతా చూస్తుంది. సామ్యేలు కూతురు వాక్యం మధ్యలో దొంగ చీట్లు పెట్టిందంటారు. అన్నా పడొచ్చు. కానీ తమ్ముడు? పండక్కి పోవడానికి, జ్వరమొస్తే చెప్పుకోవడానికి ఆమెకు ఉన్నది ఆ ఒక్క ఇల్లే. వాడికి పేరు పెట్టింది కూడా తనే. వాడు పుట్టినప్పుడు ఆమెకు పదమూడు, "ఈసారి నువ్వు చెప్పు మ్మా" అని నాయన అడిగితే, బడిలో ఎవరూ నవ్వని పేరుగా ఏరి ఏరి చెప్పింది. వాడు నవ్వులపాలు కాకుండానే పెరిగాడు. ఇప్పుడు తన బిడ్డకు జెడ్ తగిలించాడు. ఆమెకు నవ్వొచ్చింది, ఆ వెంటనే కళ్లు నిండాయి. కొంగుతో తుడుచుకుంటే పక్కనున్న జామకాయలామె, "దుమ్ము మ్మా, అద్దం మూసుకో" అంది.

పోనీ చదివేస్తే? దేవుడే ఇచ్చాడని చదివేస్తే, ఎంత భయపడ్డా చివరికి ఆ పేరే పెట్టుకుంటారు, ఫ్లెక్సీ తీసేస్తారు, సర్టిఫికెట్టు మార్పిస్తారు. పిల్ల సిరి అవుతుంది. పిలవగానే పరుగెత్తుకొస్తుంది. కానీ పిల్లకు ఒళ్లు వెచ్చబడినప్పుడల్లా తల్లి ఆ పేరు తలుచుకుని వణుకుతుంది, ముందు వేరే పేరు పెట్టాం కదా, అందుకే ఇట్లా అవుతోందేమో అని. ఇన్నేళ్లు తాను ముద్దు చేసిన పేరు ఆ ఇంట్లో భయమై కూర్చుంటుంది. ఆమె కళ్లముందు రెండూ కనబడుతున్నాయి, పరుగెత్తుకొచ్చే పిల్ల మొహం, వణికే రమ్య మొహం. ప్రార్థన చేద్దామని కళ్లు మూసుకుంది. ఏమని చేయాలి? నేను రాసిన అక్షరాలు నువ్వు మార్చు అనా? కళ్లు తెరిచింది. బత్తలూరు పోయింది. ఆళ్లగడ్డలో శిల్పాలు చెక్కేవాళ్ల కొట్ల ముందు సగం చెక్కిన రాతి దేవుళ్లు వరసగా నిలబడి ఉన్నారు. దిగాలి.

చర్చి గేటుకు గులాబీరంగు ఫ్లెక్సీ, దాని మీద బిడ్డ ఫోటో, పక్కన పెద్ద ఇంగ్లీషు అక్షరాలు. ఆమె కూడబలుక్కుని చదువుకుంది. చివర హెచ్ ఉంది. లోపల ఆరాధన ముగింపుకొచ్చింది. ముందు వరసలో రమ్య, ఎర్రబడ్డ కళ్లతో, బిడ్డను గుండెకు అదుముకుని కూర్చుని ఉంది. పాస్టరు అయ్యగారు మేనత్తను పేరు పెట్టే పిలిచాడు, ఒక్క తప్పూ లేకుండా, "మేనత్త కెరెంహప్పుకు గారు ముందుకు రావాలి" అని. అంత మంది ముందు తన పేరు పూర్తిగా వినబడేసరికి చేతిసంచీ భుజానికి సర్దుకుంది. వేదిక ఎక్కింది. గ్రంథం తెరిచారు. మూడు చీట్లు, మూడూ ఒకే కొలత, నర్సు చేతి కత్తిరింపు. ప్రార్థన చేయమన్నారు. పెదాలు కదిలించింది. మధ్యలో ఉన్నది తీసింది. విప్పింది.

సిరి. నీలం సిరా కాస్త ఊరింది, అంతే.

రమ్య కళ్లు మూసుకుంది. బిడ్డను ఇంకా గట్టిగా అదుముకుంది. కెరెంహప్పుకు ఆ రెండక్షరాలనూ చూసింది. ఒకసారి చూసింది, ఇంకోసారి చూసింది. తర్వాత తలెత్తి గట్టిగా, చివరి వరసకు కూడా వినబడేట్టు, "జీవాన్య" అని చదివింది.

చప్పట్లు. ఎవరో స్తోత్రం అన్నారు. రమ్య ఏడుపూ నవ్వూ కలిసిపోయి ఆ నేల మీదే మోకరించింది, వాళ్లమ్మ, "చూసినావా, దేవుడు గూడా అదే చెప్పినాడు, నేను చెప్పల్యా?" అంటోంది, హెప్సిబా సంగతి మర్చిపోయి. మిగతా రెండు చీట్లు అయ్యగారు పద్ధతి ప్రకారం విప్పకుండానే నాలుగు ముక్కలు చేశాడు. చేతిలో ఉన్నదాన్ని ఎవరూ అడగలేదు. చదివింది ఆమె, ఆమె మాట మీద అనుమానం ఎవరికి వస్తుంది? మడిచి చేతిసంచీలో వేసుకుంది. తమ్ముడు బిడ్డను తెచ్చి చేతుల్లో పెట్టాడు. మేనత్త చెవిలో మూడుసార్లు పేరు చెప్పాలి. చిన్న చెవి, పాలవాసన. ఒక్కసారి, ఒక్కసారి మాత్రం ఆ రెండక్షరాల పేరు చెబితే ఎవరికి తెలుస్తుంది? నాలుక చివరిదాకా వచ్చింది. జీవాన్య అంది. జీవాన్య, జీవాన్య అని ఇంకో రెండుసార్లూ అంది. బిడ్డ ఆవులించింది.

భోజనాల దగ్గర రమ్య వచ్చి పక్కన కూర్చుంది. తేలికపడ్డ మొహంతో, రెండుసార్లు పెరుగన్నం పెట్టించుకుని తింటోంది. తింటూ తింటూ ఆగింది.

"వదినా, మూడో చీటీలో మీ ఇష్టం పేరు రాసినారంట గదా. ఏం పేరు వదినా?"

కెరెంహప్పుకు బిడ్డ నోటి దగ్గర కారిన పాలు కొంగుతో తుడిచింది.

"ఏదో రాసినాలే మ్మా, ఇప్పుడు గుర్తులేదు. నువ్వు తిను" అంది.